ఎదుటి బల్లలు – 7: జైలు గది నుంచి ప్రతిపక్ష నాయకుడి స్థానానికి

1952 జనవరిలో అనంతపురంలో ఓటు వేయడమంటే కాగితం మీద ముద్ర గుద్దడం కాదు. ఆ మొదటి సార్వత్రిక ఎన్నికల్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె. పెట్టె మీద గుర్తు అంటించి ఉంటుంది. ఓటరు అధికారి చేతి నుంచి చీటీ తీసుకుని, మరుగు కట్టిన చోటికి వెళ్లి, తనకు నచ్చిన గుర్తున్న పెట్టెలో దాన్ని వేసి బయటికి రావాలి. చదువు రానివాళ్లే ఎక్కువగా ఉన్న దేశంలో అందరికీ ఓటు ఇచ్చినప్పుడు ఎన్నికల సంఘం ఆలోచించిన పద్ధతి అది. అనంతపురంలో ఆ మరుగున ఉన్న పెట్టెల్లో ఒకదాని మీద కాడెద్దులు, మరొకదాని మీద కంకి కొడవలి. కాడెద్దుల పెట్టె నీలం సంజీవరెడ్డిది. ఆయన అప్పటికే మద్రాసులో మంత్రిగా పనిచేసి, 1951లో ఎన్.జి. రంగాను ఓడించి ఆంధ్ర కాంగ్రెస్ అధ్యక్షులైనవారు. కంకి కొడవలి పెట్టె తరిమెల నాగిరెడ్డిది. ఆయన జైల్లో ఉన్నారు.

ఇద్దరూ బావా బావమరుదులు. నాగిరెడ్డి తోబుట్టువు నాగరత్నమ్మ సంజీవరెడ్డి గారి భార్య. ఇద్దరివీ అనంతపురం జిల్లాలోని కలిగిన రెడ్డి కుటుంబాలే. ఒకరిది ఇల్లూరు, ఇంకొకరిది శింగనమల పక్కనున్న తరిమెల. పెళ్లిళ్లకూ పండుగలకూ ఒకే పంక్తిలో కూర్చునే మనుషులు పెట్టెల దగ్గర ఎదురుబొదురు నిలబడ్డారు. లెక్కింపు పూర్తయ్యేసరికి ఆంధ్ర కాంగ్రెస్ అధ్యక్షుడు ఓడిపోయారు, జైల్లో ఉన్నాయన గెలిచారు.

ఈ కథ అనంతపురం జిల్లాలో తెలియనివారు తక్కువ. నాగిరెడ్డి పేరు చెప్పగానే జనానికి రెండు సంగతులు గుర్తుకొస్తాయి. బావను ఓడించడం ఒకటి, 1969లో శాసనసభకు రాజీనామా ఇచ్చి బయటికి నడవడం రెండోది. ఈ రెండింటి మధ్య పదిహేడేళ్లున్నాయి. అందులో మొదటి ఏడాదిన్నర, మద్రాసు శాసనసభలో ప్రతిపక్ష నాయకుడిగా ఆయన గడిపిన కాలం, మన చరిత్ర పుస్తకాల్లో ఒకటి రెండు వాక్యాల్లో ముగిసిపోతుంది. ఇది అన్యాయమని నా నమ్మకం. అందరికీ ఓటు వచ్చాక దక్షిణాదిన ఒక పెద్ద శాసనసభలో ప్రతిపక్షమనేది ఎలా ఉండాలో, ఏ పనులు చేయాలో తేలింది ఆ ఏడాదిన్నరలోనే. ఆ స్థానంలో కూర్చున్నది మన తెలుగువాడు, 35 ఏళ్లవాడు.

నాగిరెడ్డి 1917 ఫిబ్రవరి 11న పుట్టారు. తండ్రి సుబ్బారెడ్డి భూస్వామి. కొడుకును మదనపల్లె దగ్గర జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనలతో నడిచే రిషివ్యాలీ పాఠశాలలో చేర్పించారు. తర్వాత మద్రాసు లయోలా కళాశాల, ఆ తర్వాత కాశీ హిందూ విశ్వవిద్యాలయం. రాయలసీమ పల్లెలో పెద్ద ఇంట పుట్టిన పిల్లవాడికి అంతకన్నా ఖరీదైన చదువు ఆ రోజుల్లో దొరకదు. ఆ చదువు ఆయనను కలెక్టరు కచేరీ వైపు తీసుకుపోలేదు. కాశీలో మార్క్సిజం పట్టుబడింది. ఊరికి తిరిగి వచ్చేటప్పటికి కమ్యూనిస్టు.

1940లో ఆయన ఒక చిన్న పుస్తకం రాశారు. విషయం యుద్ధం, దాని ఆర్థిక ఫలితాలు. బ్రిటిషువాళ్లు మన దేశాన్ని అడగకుండానే యుద్ధంలోకి దించిన కాలం అది. యుద్ధం ఖర్చు చివరికి ఎవరి నెత్తిన పడుతుందో వివరించే పుస్తకం ప్రభుత్వానికి ప్రమాదంగా కనిపించింది. రచయితను జైల్లో పెట్టారు. 23 ఏళ్ల యువకుడు కవిత్వమో ఆవేశపు ఉపన్యాసమో చేసి జైలుకు పోవడం ఆ తరంలో మామూలే. ఈయన అర్థశాస్త్రం రాసి జైలుకు పోయారు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి. చివరిదాకా ఆయన పద్ధతి అదే. ధర ఎంత, పన్ను ఎంత, అప్పు ఎంత, భూమి ఎవరి చేతిలో ఉంది అన్న ప్రశ్నలతోనే ఆయన రాజకీయం మొదలయ్యేది. తన వంతుకు వచ్చిన భూమి విషయంలో కూడా ఆ లెక్క తప్పలేదు. వందల ఎకరాలను పేదలకు పంచి ఇచ్చేశారు.

ఇక మద్రాసు. 1952 ఎన్నికల తర్వాత ఆ శాసనసభ స్వరూపం చూస్తే ఇప్పటికీ ఆశ్చర్యం వేస్తుంది. మొత్తం 375 స్థానాలు. తమిళ జిల్లాలు, ఆంధ్ర జిల్లాలు, మలబారు, దక్షిణ కన్నడ, అన్నీ ఒకే రాష్ట్రం. స్వాతంత్ర్యం తెచ్చిన పార్టీగా జనం ముందుకు వెళ్లిన కాంగ్రెసుకు వచ్చినవి 152. సగానికి చాలా తక్కువ. ముఖ్యమంత్రి కుమారస్వామి రాజా తానే ఓడిపోయారు. బెజవాడ గోపాలరెడ్డి, కళా వెంకటరావు, కల్లూరి చంద్రమౌళి వంటి ఆంధ్ర ప్రముఖులూ ఓడిపోయారు. కమ్యూనిస్టులకు 62 స్థానాలు. వాటిలో ఎక్కువ భాగం ఆంధ్ర జిల్లాల నుంచి వచ్చినవే. అక్కడ కాంగ్రెసూ కమ్యూనిస్టులూ దాదాపు సమానంగా గెలిచారు. కృపలానీ పెట్టిన కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీకి 35, రంగా గారి కృషికార్ లోక్ పార్టీకి 15. ఇవి కాక తమిళ జిల్లాల చిన్న పార్టీలు, 60 మందికి పైగా స్వతంత్రులు.

కాంగ్రెసేతరులంతా కలిస్తే ప్రభుత్వం ఏర్పాటు చేయవచ్చు. కలిశారు కూడా. ఐక్య ప్రజాస్వామ్య సంఘటన పేరుతో టంగుటూరి ప్రకాశం పంతులు గారిని నాయకుడిగా ఎన్నుకున్నారు. మా వెనక 166 మంది ఉన్నారు, మమ్మల్ని పిలవండి అని గవర్నరును కోరారు. ఇక్కడ ఒక్క మాట చెప్పుకోవాలి. 1947 తొలినాళ్లలో ప్రకాశం గారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు ఆర్డినెన్సు తెచ్చి కమ్యూనిస్టులను జైళ్లలో నింపారు. ఐదేళ్లు తిరిగేసరికి ఆ కమ్యూనిస్టులే ఆయనను ముఖ్యమంత్రిని చేయమని అడుగుతున్నారు. పాత గాయాలను పక్కన పెట్టి, కాంగ్రెసును ఆపడమే ముఖ్యమని వారు తీసుకున్న నిర్ణయం అది. రాజకీయంగా అది తప్పు లెక్కేమీ కాదు.

గవర్నరు శ్రీప్రకాశ దారి వేరు. ఎన్నికల్లో పోటీ చేయని, రాజకీయాల నుంచి విశ్రాంతి తీసుకుంటున్న చక్రవర్తి రాజగోపాలాచారిని కాంగ్రెసు మళ్లీ రంగంలోకి తెచ్చింది. గవర్నరు ఆయనను శాసనమండలికి నామినేట్ చేశారు. 1952 ఏప్రిల్ 10న రాజాజీ ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. దేశానికి గవర్నరు జనరల్‌గా పనిచేసిన మనిషి ప్రజల ఓటు లేకుండా ఒక రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యారు. కమ్యూనిస్టు నాయకుడు పి. రామమూర్తి ఈ నామినేషన్ చెల్లదని మద్రాసు హైకోర్టుకు వెళ్లారు. కోర్టు జోక్యం చేసుకోలేదు. గవర్నరు అధికారాల గురించి ఈ దేశంలో నేటికీ నడుస్తున్న వాదం అక్కడ మొదలైంది. అతి పెద్ద పార్టీని పిలవాలా, ఎన్నికల తర్వాత కట్టిన కూటమిని పిలవాలా అని మొన్నమొన్నటిదాకా ఎన్ని రాష్ట్రాల్లో కొట్లాడుకున్నామో తెలిసిందే. తొలి తీర్పు 1952 మద్రాసులో గవర్నరు బంగళాలో జరిగింది. అది కూటమికి వ్యతిరేకంగా వచ్చింది.

ఆ పరిస్థితిలో నాగిరెడ్డి ప్రతిపక్ష నాయకుడయ్యారు.

పాత సభాస్థలంలో 375 మందికి చోటు చాలదని గవర్నమెంటు ఎస్టేటులో కొత్త హాలు కట్టారు. మే 3న సభ మొదలైంది. జె. శివషణ్ముగం పిళ్లై స్పీకరు. హాలులో నాలుగు భాషల మనుషులు. శ్రీకాకుళం సభ్యుడు తెలుగులో మాట్లాడితే మలబారు సభ్యుడికి అందదు, తంజావూరు సభ్యుడి తమిళం మంగుళూరు సభ్యుడికి పూర్తిగా అందదు. అలాంటి సభలో అందరికీ అర్థమయ్యే ఇంగ్లీషు, చేతిలో అంకెలు ఉన్న నాయకుడు కావాలి. లయోలా చదువు అక్కడ పనికొచ్చింది. ప్రతిపక్ష నాయకుడంటే నేడు మన కళ్ల ముందు మెదిలే మందీ మార్బలం, క్యాబినెట్ హోదా అప్పటికి లేవు. పార్లమెంటులో ప్రతిపక్ష నాయకుడికి జీతభత్యాలు చట్టంగా వచ్చింది 1977లో. అసలు లోక్‌సభలో గుర్తింపు పొందిన ప్రతిపక్ష నాయకుడు 1969దాకా లేనేలేరు. ఏ పార్టీకీ సభలో పదో వంతు బలం లేదు. మద్రాసులో కమ్యూనిస్టులకు ఆ బలం మొదటి రోజే ఉంది. అంటే నెహ్రూ కూర్చున్న సభలో లేని స్థానం రాజాజీ ఎదుట ఉంది. ఆ స్థానంలో నాగిరెడ్డి ఉన్నారు.

జులై 3న రాజాజీ విశ్వాస తీర్మానం నెగ్గారు. 200 మంది అటు, 151 మంది ఇటు. ఏప్రిల్‌లో 152 మంది ఉన్న పక్షానికి జులైలో 200 ఎలా వచ్చారు? తమిళ జిల్లాల కామన్వీల్ పార్టీ మద్దతిచ్చింది. దాని నాయకుడు మాణిక్యవేలు నాయకర్ మంత్రి అయ్యారు. ముస్లిం లీగు అటు మొగ్గింది. స్వతంత్రులు ఒక్కొక్కరే కదిలారు. ఎన్నికల తర్వాత 166 మంది బలం ఉందని గవర్నరుకు చెప్పిన సంఘటన కొద్ది నెలల్లోనే కరిగిపోయింది. ఆ సందర్భంలోనే రాజాజీ కమ్యూనిస్టులు తనకు మొదటి శత్రువులని సభలోనే దాపరికం లేకుండా ప్రకటించారు. దేశంలో అత్యంత అనుభవజ్ఞుడైన పాలకుడు, మాటలో పదునెరిగిన మేధావి, ఒక 35 ఏళ్ల యువకుడి పక్షాన్ని అలా వేరుచేసి ఎత్తిచూపడం ఆ పక్షం బలానికి కొలత. ఓట్లలో ఓడినా చర్చ ఎవరి చుట్టూ తిరగాలో ప్రతిపక్షమే తేల్చింది.

ఆ ఏడాది తేల్చవలసిన విషయం మరొకటి ఉంది. అది రాయలసీమ కరువు. వరసగా వానలు లేని సంవత్సరాలు. బావులు అడుగంటాయి. ఊరూరా గంజి కేంద్రాలు తెరిచారు. తెల్లారకముందే ముంతలూ చట్లూ పట్టుకుని ఆడవాళ్లు, పిల్లలు వరస కట్టేవారు. పనికి పోగలిగినవాళ్లు కరువు పనుల్లో రోడ్ల పక్కన కంకర కొట్టారు. పశువులను అయినకాడికి తెగనమ్మారు. చివరికి ప్రభుత్వం సైన్యాన్ని పిలిపించింది; జవాన్లు సీమ పల్లెల్లో బావులు లోతు చేశారు. ఆ అక్టోబరులో ప్రధాని నెహ్రూ వచ్చి కరువు ప్రాంతాల్లో తిరిగారు. తాతల కాలం నుంచి వింటున్న కరువును స్వతంత్ర భారతంలోనూ చూడవలసి వచ్చిన జిల్లా ప్రతినిధి ప్రతిపక్ష నాయకుడిగా ఉండటం ఆ సభలో చిన్న సంగతి కాదు. రాజధానిలో కూర్చున్నవాళ్లకు అనంతపురం అంటే పటం మీద ఒక చుక్క. ఎదుటి బల్ల మీద కూర్చున్నాయనకు అది సొంత ఊరి పొలం.

అదే సంవత్సరం జూన్‌లో రాజాజీ ఆహారధాన్యాల కంట్రోలు ఎత్తేశారు. యుద్ధకాలం నుంచి నడుస్తున్న రేషను కార్డు, లెవీ, చెక్‌పోస్టు, బ్లాక్ మార్కెట్ల బాధ తీరిందని పట్టణ జనం మెచ్చుకున్నారు. నిజాయితీగా చెప్పాలంటే ఆ నిర్ణయం రాజాజీకి మంచి పేరు తెచ్చింది; దేశంలో మిగతా రాష్ట్రాలూ ఆ దారి చూశాయి. వామపక్షం భయం వేరు. మార్కెట్‌లో బియ్యం దొరికినా, కూలి దొరకని కరువు జిల్లాలో కొనే డబ్బు ఎక్కడిది? ఈ ప్రశ్నకు కంట్రోలు ఎత్తివేతలో జవాబు లేదు. రెండు వాదాల్లోనూ నిజముంది. ఒకే రాష్ట్రంలో కావేరి డెల్టా, అనంతపురం రెండూ ఉన్నప్పుడు ఒకే విధానం ఇద్దరికీ సరిపోదు.

ఆ సభలో ప్రతిపక్షం కదిలించినవాటిలో తంజావూరు సమస్య ఒకటి. అక్కడి పన్నైయాళ్లు, అంటే పెద్ద భూస్వాముల పొలాల్లో తరతరాలుగా కట్టుబడి పనిచేసే కూలీలు, కమ్యూనిస్టుల నాయకత్వంలో పోరాడారు. 1952 ఆగస్టులో రాజాజీ ప్రభుత్వం కౌలుదార్లకూ పన్నైయాళ్లకూ రక్షణగా ఆర్డినెన్సు తెచ్చింది. మొదటి శత్రువులన్న పక్షం డిమాండును ఆరు నెలలు తిరక్కుండానే చట్టం చేయవలసి వచ్చింది.

రెండోది 1953లో వచ్చిన ప్రాథమిక విద్యా పథకం. పిల్లలు సగం పూట బడిలో చదువుకుని, మిగతా సగం పూట ఇంట్లో తల్లిదండ్రుల వృత్తి నేర్చుకోవాలి. బడులకూ పంతుళ్లకూ డబ్బు లేదు, ఉన్నవాటితోనే రెట్టింపు పిల్లలకు చదువు చెప్పవచ్చు అన్నది రాజాజీ వాదన. కుమ్మరి కొడుకు కుమ్మరిగా, చాకలి కొడుకు చాకలిగా మిగిలిపోవాలనేనా అని జనం అడిగారు. తమిళ జిల్లాల్లో ద్రావిడ ఉద్యమం దీని మీద మండిపడింది. జులైలో శాసనసభలో ఓట్లు దాదాపు సరిసమానంగా చీలిపోయాయి. ఏడాది కిందట 200 మందిని కూడగట్టిన ముఖ్యమంత్రి పథకాన్ని నిపుణుల సంఘానికి అప్పగించక తప్పలేదు. 1954లో రాజాజీ దిగిపోవడానికీ, కామరాజ్ రాగానే ఆ పథకం రద్దు కావడానికీ దారి అక్కడే పడింది.

మూడోది మన రాష్ట్రం. పొట్టి శ్రీరాములు 1952 డిసెంబరు 15న ప్రాణత్యాగం చేశారు. నాలుగు రోజుల తర్వాత నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ప్రకటించారు. ఆ వెంటనే రాజధాని తగాదా. 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక ప్రకారం సీమకు తగిన స్థానం ఇవ్వాలని ఒక పక్షం. విజయవాడ – గుంటూరు మధ్య ఉండాలని కమ్యూనిస్టులు. ఇక్కడ నాగిరెడ్డి స్థితి కష్టమైనది. ఆయన సీమ బిడ్డ. ఆయన పార్టీకి బలమున్నది కృష్ణా, గుంటూరుల్లో. పార్టీ మాట సీమలో చెప్పుకోవడం సులభం కాదు. కర్నూలు రాజధానిగా నిర్ణయమైంది. బళ్లారి జిల్లా నుంచి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి; బళ్లారి మైసూరుకు పోయింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించింది. మద్రాసు హాలులో తెలుగు సభ్యుల బల్లలు ఖాళీ అయ్యాయి. అక్కడ ప్రతిపక్ష నాయకత్వం తమిళుడైన పి. రామమూర్తికి వచ్చింది.

తర్వాతి కొన్నేళ్లు కమ్యూనిస్టులకు దెబ్బ మీద దెబ్బ. 1955 ఆంధ్ర మధ్యంతర ఎన్నికల్లో గెలుపు తమదేనని వారు నమ్మారు. కాంగ్రెసు, ప్రకాశం, రంగా వర్గాలన్నీ ఐక్య సంఘటనగా నిలబడ్డాయి. పోలింగుకు ముందు సోవియట్ పత్రిక ప్రావ్దా నెహ్రూను మెచ్చుకుంటూ రాసిన సంపాదకీయాన్ని కాంగ్రెసు గోడ గోడకూ అంటించింది. 196 స్థానాల్లో సంఘటనకు 146, కమ్యూనిస్టులకు 15. ఓట్లు మాత్రం మూడింట ఒక వంతుకు దగ్గరగా వచ్చాయి. 1957లో నాగిరెడ్డి అనంతపురం నుంచి లోక్‌సభకు వెళ్లారు. 1962లో పుట్లూరు నుంచి శాసనసభకు తిరిగి వచ్చారు. ఆంధ్రప్రదేశ్ సభలో కమ్యూనిస్టులకు ఆసారి 51 స్థానాలు. ముఖ్యమంత్రి పీఠంలో ఉన్నది మళ్లీ సంజీవరెడ్డి గారే. పదేళ్ల కిందట పెట్టెల దగ్గర ఎదురుపడిన బావా బావమరుదులు ఇప్పుడు హైదరాబాదు సభలో ఎదురెదురు బల్లల మీద కూర్చున్నారు. 1964లో కర్నూలు బస్సు రూట్ల జాతీయం కేసులో సుప్రీంకోర్టు చేసిన వ్యాఖ్యలతో సంజీవరెడ్డి రాజీనామా చేసి ఢిల్లీ వెళ్లిపోయారు.

అదే 1964లో కమ్యూనిస్టు పార్టీ రెండుగా చీలింది. నాగిరెడ్డి మార్క్సిస్టు పార్టీ వైపు వెళ్లారు. చీలిక నష్టం 1967 ఎన్నికల్లో తెలిసింది. 1962లో 51 మంది ఉన్నచోట సీపీఐకి 11, సీపీఎంకు 9. అనంతపురం నుంచి గెలిచిన నాగిరెడ్డి ఆ తొమ్మిది మందిలో ఒకరు. పేరుకు రెండు పార్టీలు మిగిలాయి, ప్రభుత్వాన్ని నిలదీసే బలం మిగల్లేదు.

భూమి సంగతి చూడండి. 1961లో రాష్ట్రంలో భూ పరిమితి చట్టం వచ్చింది. భూమి రకాన్ని బట్టి పరిమితి 27 ఎకరాల నుంచి 324 ఎకరాల దాకా. అది కూడా కుటుంబానికి కాదు, మనిషికి. ఒక ఇంట్లో నలుగురి పేర్ల మీద రాసుకుంటే పెద్ద భూస్వామికి కూడా మిగులు తేలదు. తేల్చవలసిన రెవెన్యూ యంత్రాంగం ఎవరి అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతుందో పల్లెల్లో అందరికీ తెలుసు. ఆ చట్టం కింద పేదలకు చేరింది దాదాపు శూన్యం. 1973లో కొత్త చట్టం తెచ్చుకోవలసి వచ్చింది. సొంత భూమిని పంచేసి వచ్చిన మనిషి ఈ చట్టం అమలు మీద ఏళ్ల తరబడి సభలో వింటూ కూర్చోవలసి రావడం ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. 1969 రాజీనామాకు వేర్లు పార్టీ సిద్ధాంత చర్చల్లో ఎంత ఉన్నాయో, ఇలాంటి చట్టాల్లోనూ అంత ఉన్నాయని నేను అనుకుంటాను.

సిద్ధాంత చర్చలు కూడా తీవ్రంగానే సాగాయి. 1968 జనవరిలో పాలకొల్లు ప్లీనం పార్టీ కేంద్ర నాయకత్వం పంపిన పత్రాన్ని తిరస్కరించింది. ఏప్రిల్‌లో బర్ద్వాన్ ప్లీనం తర్వాత దారులు పూర్తిగా విడిపోయాయి. నాగిరెడ్డి, దేవులపల్లి వెంకటేశ్వరరావు, కొల్లా వెంకయ్య, చండ్ర పుల్లారెడ్డి కలిసి విప్లవకారుల సమన్వయ సంఘం పెట్టారు. మరో విప్లవ నాయకుడు చారు మజుందార్ అనుసరించిన వ్యక్తిగత నిర్మూలన మార్గం వీరికి సమ్మతం కాదు. ప్రజలను కూడగట్టకుండా పోరాటం లేదన్నది వీరి వాదన. అందుకే విప్లవకారుల అఖిల భారత సమన్వయ సంఘంతోనూ కొద్ది నెలల్లోనే తెగిపోయింది.

1969 మార్చిలో నాగిరెడ్డి శాసనసభ సభ్యత్వానికి రాజీనామా చేశారు. ఈ సభ ద్వారా ప్రజల మౌలిక సమస్యలు తీరవని, తాను ప్రజల్లోకి వెళ్తున్నానని సభలోనే చెప్పి వెళ్లారు. కోపంతో తలుపు తన్నుకుంటూ పోయినట్టు ఆ రోజును చిత్రించేవారున్నారు. నేను అలా చూడను. మద్రాసు సభలో 62 మందితో ఒక పథకాన్ని ఆపి, ఒక ఆర్డినెన్సును తెప్పించిన మనిషి ఆయన. శాసనసభ ఏం చేయగలదో ఆయనకు తెలిసినంత తెలిసినవారు ఆ రోజు ఆ హాలులో బహుశా ఎవరూ లేరు. ఏం చేయలేదో కూడా అంతే తెలుసు. ఆ నిర్ణయంతో ఏకీభవించనివారు సైతం, నేను వారిలో ఒకడిని, దాని వెనక పదిహేడేళ్ల అనుభవం ఉందని ఒప్పుకోవాలి. ఏకీభవించకపోవడానికి నా కారణం ఒక్కటే. ఆయన వెళ్లిపోయాక సభలో భూమి గురించి అంకెలతో మాట్లాడే గొంతు ఒకటి తగ్గింది. దాన్ని మరెవరూ భర్తీ చేయలేదు.

ఆ ఏడాది డిసెంబరులోనే మద్రాసులో ఆయనను అరెస్టు చేశారు. హైదరాబాద్ కుట్ర కేసు నడిచింది. కోర్టుకు సమర్పించే వాంగ్మూలంగా జైల్లో ఆయన రాసినదే తర్వాత పుస్తకమై వచ్చిన ‘తాకట్టులో భారతదేశం’. విదేశీ పెట్టుబడులు, విదేశీ అప్పులు, అమెరికా నుంచి వచ్చే గోధుమలు, పరిశ్రమల్లో విదేశీ కంపెనీల భాగస్వామ్యాలు, పల్లెల్లో భూమి పంపకం. వీటన్నింటినీ ఎక్కువగా ప్రభుత్వ నివేదికల నుంచే తీసుకున్న వివరాలతో వరసగా పేర్చుకుంటూ పోయారు. తాను కుట్ర చేయలేదని చెప్పుకోవలసిన ముద్దాయి, దేశ ఆర్థిక పరిస్థితి మీద వందల పేజీల పరిశోధన కోర్టు ముందు పెట్టారు. 1940లో యుద్ధం ఖర్చు లెక్క రాసి జైలుకు పోయిన యువకుడు, ముప్పై ఏళ్ల తర్వాత జైల్లో కూర్చుని దేశం అప్పు లెక్క రాశారు. సభలో బడ్జెట్ చర్చకు తయారైనట్టే ఆ వాంగ్మూలానికీ తయారయ్యారని ఆ పేజీలు తిరగేస్తే తెలుస్తుంది. ప్రతిపక్ష నాయకుడి పని ఆయన చేతుల్లో ఆగలేదు. వేదిక ఒక్కటే మారింది.

1972లో శిక్ష పడింది, బెయిలు మీద బయటికి వచ్చారు. చీలికలతో నిండిన విప్లవ వర్గాలను ఒక్కటి చేసే ప్రయత్నంలో తిరిగారు. 1975 జూన్‌లో అత్యవసర పరిస్థితి రాగానే అజ్ఞాతానికి వెళ్లారు. 1976 జులై 28న హైదరాబాదు ఉస్మానియా ఆసుపత్రిలో మారుపేరుతో చికిత్స పొందుతూ మరణించారు. వయసు 59. ఒకప్పుడు నాలుగు భాషల సభలో ముఖ్యమంత్రికి ఎదురుగా కూర్చున్న మనిషి సొంత పేరు కూడా చెప్పుకోలేని స్థితిలో ప్రభుత్వాసుపత్రి మంచం మీద పోయారు. ఆయనను ఆ స్థితికి తెచ్చిన కాలాన్ని అంత తేలిగ్గా క్షమించలేం. మరుసటి ఏడాది జులైలో సంజీవరెడ్డి గారు భారత రాష్ట్రపతి అయ్యారు.

1967 సభ గురించి ఇంకొక సంగతి మిగిలింది. కమ్యూనిస్టులు చీలిపోయి చిక్కిపోయిన ఆ సభలో కాంగ్రెసు తర్వాత పెద్ద పక్షం 29 మంది ఉన్న స్వతంత్ర పార్టీ. దాని ముందు వరసలో కూర్చున్నది శ్రీకాకుళం జిల్లా సముద్రతీరంలోని బారువలో, కల్లుగీత కుటుంబంలో పుట్టిన మనిషి. నాగిరెడ్డికి భూమి మీద, ఆర్థిక విధానం మీద పూర్తిగా విరుద్ధమైన అభిప్రాయాలు గల పార్టీ ఆయనది. జైలు అనుభవంలో మాత్రం ఇద్దరూ సమానులు. సర్దార్ గౌతు లచ్చన్న ఎదుటి బల్లల మీదికి ఎలా వచ్చారో వచ్చే వారం చూద్దాం.